దేవరకొండ నుంచి ఢిల్లీకి, బరువు తగ్గే ఆపరేషన్ కోసం: సీటు, బెల్టు, తిరుగు ప్రయాణం

దేవరకొండ నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది. వయసు 33, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 146 కిలోలు, షుగరు ఉంది, రాత్రి గురక ఎక్కువ. తమ్ముడు నోయిడాలో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి ఢిల్లీలో స్లీవ్ ఆపరేషన్ (బరువు తగ్గడానికి కడుపులో ఎక్కువ భాగం తీసేసేది) చేయించుకుందామనుకుంటోంది. తోడుగా అమ్మ వస్తుంది. ఇద్దరూ ఇంతవరకు విమానం ఎక్కలేదు. సీట్లో పడతానా, బెల్టు పడుతుందా, పడకపోతే అందరి ముందు దింపేస్తారా, ఆపరేషన్ అయిన ఐదో రోజే తిరిగి రావచ్చని ఆసుపత్రి వాళ్లు చెప్పారు, అది నిజమేనా అని అడిగింది.

చెల్లెమ్మా, నాది మహబూబ్‌నగర్. 2019లో 141 కిలోలు ఉన్నప్పుడు ముంబై వెళ్లి ఇదే ఆపరేషన్ చేయించుకున్నా. పాలమూరు వాళ్లకు బొంబాయి కొత్త ఊరేం కాదు, ఎన్నో ఇళ్ల నుంచి అక్కడికి పనికి పోయినవాళ్లు ఉన్నారు, మా చిన్నమామ కుటుంబం కూడా ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంది, ఆ ధైర్యంతోనే అంత దూరం వెళ్లాను. ఇప్పుడు 86 కిలోలు. ఆ తరువాత మా వైపు నుంచి ఈ ఆపరేషన్ కోసం బయటి ఊళ్లకు వెళ్లిన ఏడెనిమిది మందికి టికెట్ల దగ్గర్నుంచి మజ్జిగ దాకా అన్నిట్లో తోడున్నాను. నేను డాక్టర్ని కాదు, మందుల విషయంలో నీ డాక్టరు మాటే ఖాయం. మిగతావన్నీ నేను పడి తెలుసుకున్నవి.

సూటిగా చెప్తా. విమానంలో వెళ్లొచ్చు. సీటుకూ బెల్టుకూ దారి ఉంది. ఐదో రోజు తిరిగి రావడం మాత్రం వద్దు. నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగితే మూడు వెళ్లేటప్పటి గురించే ఉన్నాయి, నేనూ అప్పుడు అలాగే ఆలోచించాను, అసలు కష్టం నాకు వచ్చేటప్పుడు ఎదురైంది.

ముందు సీటు సంగతి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి తిరిగేవి ఎక్కువగా ఎయిర్‌బస్ ఎ320 రకం విమానాలు, ఒక్కో వైపు మూడేసి సీట్లు ఉంటాయి, సీటు వెడల్పు సుమారు 18 అంగుళాలు. బోయింగ్ 737లో అయితే సుమారు 17. ఈ అంకెలు చూసి భయపడకుండా ఇంట్లోనే ఒక పని చెయ్యి. చేతులు లేని బల్ల మీద కూర్చో, రెండు తొడల పక్కనా తగిలీ తగలనట్టు రెండు స్టీలు డబ్బాలు పెట్టమని అమ్మకు చెప్పు, నువ్వు లేచాక ఆ డబ్బాల మధ్య దూరం టేపుతో కొలవండి. 18 కన్నా తక్కువ వస్తే ఒక సీటు చాలు. 20 దాకా వస్తే రెండు సీట్ల మధ్యలో చెయ్యి ఆనించుకునే ఆర్మ్‌రెస్ట్ పైకి లేపి, పక్కన అమ్మ కూర్చుంటే సరిపోతుంది. అంతకన్నా ఎక్కువైతే ఇంకో సీటు కొనడం మంచిది. నాకు అప్పట్లో 22 వచ్చింది. మేం కొలుచుకోలేదు, ముంబైలో దిగాక నా తొడల మీద ఆర్మ్‌రెస్ట్ నొక్కుకుపోయిన నల్లటి మచ్చలు చూసి మా అత్తమ్మ ఏడిస్తే అప్పుడు కొలుచుకున్నాం.

ఒకే మనిషి పేరు మీద రెండు సీట్లు కొనే పద్ధతి విమాన కంపెనీల దగ్గర ఉంది, ఎక్స్‌ట్రా సీట్ అని అడగాలి. టికెట్ మీద ఇ ఎక్స్ ఎస్ టి అనే నాలుగు అక్షరాలు కనిపిస్తే కంగారుపడకు, ఆ రెండో సీటుకు వాళ్లు పెట్టే గుర్తు అది. నీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను: కిటికీ సీటు, మధ్య సీటు నీ పేరు మీద, చివరి సీటు అమ్మ పేరు మీద. మూడు సీట్లకు డబ్బు పోతుంది నిజమే, కానీ ఆ వరస మొత్తం మీదే, బయటివాళ్లు ఎవరూ పక్కన ఉండరు. డబ్బు కుదరకపోతే రెండు టికెట్లే తీసుకుని నువ్వు కిటికీ, అమ్మ మధ్యలో కూర్చోండి, అమ్మ సన్నగా ఉంటుందని రాశావు కాబట్టి రెండు గంటల పావు ప్రయాణానికి అదీ సరిపోతుంది. కెనడాలో దేశం లోపల తిరిగే విమానాల్లో, లావు వల్ల ఒక సీటు చాలనివాళ్లకు ఒకే టికెట్ డబ్బుతో రెండో సీటు ఇచ్చే నియమం 2009 నుంచి ఉంది. మన దగ్గర కూడా అలాంటిది రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నా, ఆపరేషన్‌కు పోయే మనిషి దగ్గర అప్పటికే అప్పులుంటాయి.

రెండో సీటు కొన్నామని నిశ్చింతగా ఉండొద్దు. నేను రెండోసారి చెకప్‌కు వెళ్లినప్పుడు రెండు సీట్లు కొన్నాను, బయలుదేరే ముందు విమానం రకం మారింది, నా రెండు సీట్లూ చెరో వరసలోకి పోయాయి. ఒకటి 11వ వరస, ఇంకోటి 19వ వరస. నా శరీరంలో సగం అక్కడా సగం ఇక్కడా కూర్చోబెట్టలేను కదమ్మా అని కౌంటరులో అమ్మాయికి చెప్పి మార్పించేసరికి అరగంట పట్టింది. అందుకే ముందు రోజు ఒకసారి ఫోన్ చేసి కనుక్కో, ఆ రోజు ఫోన్లో చెకిన్ అయిపోయినా సరే కౌంటరు దగ్గరికి వెళ్లి రెండు బోర్డింగ్ పాసులూ కాగితం మీద తీసుకో. లోపలికి వెళ్లాక ఖాళీ సీటు చూసి ఎవరైనా కూర్చోబోతే ఆ రెండో పాసు చూపిస్తే చాలు, వాదన అక్కర్లేదు.

సీటు ఎంచుకునేటప్పుడు రెండు చోట్లకు వెళ్లొద్దు. ఒకటి మొట్టమొదటి వరస. అక్కడ కాళ్లకు జాగా ఎక్కువని అదనంగా డబ్బు తీసుకుంటారు, కానీ తిండి పెట్టుకునే పలక ఆర్మ్‌రెస్ట్‌లోనే దాగి ఉంటుంది, అందుకని ఆ ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదు, మనలాంటి వాళ్లకు అది ఇంకా ఇరుకు. రెండోది ఎమర్జెన్సీ తలుపు ఉన్న వరస. ఎక్స్‌టెన్షన్ బెల్టు (మామూలు బెల్టు చాలనివాళ్లకు ఇచ్చే అదనపు ముక్క) వాడేవాళ్లను అక్కడ కూర్చోనివ్వరు, తెలియక డబ్బు కట్టి కొన్నా లేపి వేరేచోటికి పంపుతారు. నడిచే దారి పక్క సీటు వస్తే ఇంకో చిన్న సంగతి: ఆ బయటి ఆర్మ్‌రెస్ట్ కూడా చాలా విమానాల్లో లేస్తుంది, దాని అడుగున వెనక మూలకు చిన్న బటన్ ఉంటుంది, కనపడకపోతే ఎయిర్ హోస్టెస్‌ను అడుగు.

ఇక బెల్టు. ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను దీని దగ్గర పెద్ద తప్పు చేశాను. మొదటిసారి ముంబై వెళ్తుంటే బెల్టు నాకు జానెడు దూరంలో ఆగిపోయింది. పక్కన ఎవరో పెద్దమనిషి. అడగడానికి సిగ్గేసి రెండు కొసలూ ఒళ్లో పెట్టుకుని పైనుంచి చున్నీ కప్పేశాను. ఎయిర్ హోస్టెస్ చూసుకుంటూ వచ్చి నా దగ్గర చున్నీ చూసి ముందుకు పోయింది. విమానం లేచింది. దారిలో మబ్బుల్లో కుదుపులు మొదలైతే అందరూ బెల్టు బిగించుకుంటున్నారు, నేను మాత్రం ముందు సీటును రెండు చేతులతో పట్టుకుని, ఆపరేషన్ దాకా కూడా పోనేమో, పిల్లలకు ఏం చెప్తారో అని వణికిపోయాను. దిగేదాకా పట్టు వదల్లేదు. అడిగి ఉంటే అర నిమిషం పని అది.

ఎక్స్‌టెన్షన్ బెల్టు మామూలుగా ప్రతి విమానంలో ఉంటుంది, సుమారు రెండడుగుల ముక్క, ఒక చివర మన బెల్టుకు ఇంకో చివర బకిల్‌కు పడుతుంది, దానికి డబ్బులు తీసుకోరు. విమానం తలుపు దగ్గర నమస్తే చెప్పే అమ్మాయికి అక్కడే మెల్లగా "ఎక్స్‌టెన్షన్ బెల్ట్ కావాలి, నా సీటు ఫలానా" అని చెప్పు. సీట్లో కూర్చున్నాక నలుగురిలో అడగాల్సిన అవసరం రాదు, తనే తెచ్చి చేతికిస్తుంది. గర్భిణులు, మగవాళ్లు, అందరూ అడుగుతారు, వాళ్లకు ఇది రోజూ ఉండేదే. ఆన్‌లైన్లో ఇలాంటి బెల్టులు అమ్ముతారు, కొనకు, ఒక విమానం బకిల్ ఇంకో దానికి పడకపోవచ్చు, సొంత బెల్టు తెచ్చుకుంటే కంపెనీలు మామూలుగా ఒప్పుకోవు. బెల్టును పొట్ట మీద కాకుండా పొట్ట కిందికి, తుంటి ఎముకల మీదికి పోనిచ్చి బిగించుకో.

దింపేస్తారా అని అడిగావు. అబద్ధం చెప్పను. ఎక్స్‌టెన్షన్ పెట్టినా బెల్టు పడకపోయినా, పక్కవాళ్ల సీట్లోకి బాగా వెళ్లిపోయి విమానం కూడా నిండిపోయి ఉన్నా, తరువాతి విమానానికి మార్చే అవకాశం ఉంది. నేను తోడు వెళ్లిన వాళ్లలో ఎవరికీ అలా జరగలేదు. ముందే చెప్పుకున్నవాళ్లకు జరిగే అవకాశం చాలా తక్కువ, దాచుకున్నవాళ్లకే ఇబ్బంది. 146 కిలోలకు ఎక్స్‌టెన్షన్ మామూలుగా సరిపోతుంది.

ఎయిర్‌పోర్టు దాకా వెళ్లడం నీకు సులువే. కొండమల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డున వచ్చి బొంగుళూరు దగ్గర ఔటర్ ఎక్కితే హైదరాబాద్ ట్రాఫిక్‌లోకి పోకుండానే శంషాబాద్ చేరతావు. కారులో వెళ్లండి, ముందు సీటు వెనక్కి జరుపుకుని కూర్చో, మధ్యలో మాల్‌లో ఒకసారి దిగి నాలుగడుగులు నడు. విమానం టైముకు మూడు గంటల ముందు అక్కడ ఉండేలా బయలుదేరండి. మనకు ఆయాసం ఉంటుంది, పరుగులు పెట్టలేం. లోపల నడక చాలా ఉంటుంది. వీల్‌చెయిర్ కావాలని టికెట్ తీసుకున్నప్పుడే, లేదంటే కనీసం 48 గంటల ముందు చెప్పు, నీ బరువు కూడా చెప్పు, కొంచెం వెడల్పాటి కుర్చీ ఉంటే అది తెస్తారు. వీల్‌చెయిర్‌లో కూర్చోవడం నాకు నామోషీ అనిపించి మొదటిసారి నడిచాను, గేటు దగ్గరికి వెళ్లేసరికి ఊపిరి అందక పదిహేను నిమిషాలు గోడకు ఆనుకుని నిలబడ్డాను. మోకాళ్లు నొప్పి ఉన్న మనిషికి కుర్చీ ఇస్తే అందులో తప్పేముంది. విమానం గేటుకు ఆనకుండా దూరంగా నిలబడి ఉంటే బస్సెక్కి, మెట్లెక్కి పోవాలి, వీల్‌చెయిర్ అడిగినవాళ్లకు లిఫ్టు బండి గాని ర్యాంప్ గాని ఏర్పాటు చేస్తారు, అది కూడా ముందే అడిగి పెట్టుకో.

సెక్యూరిటీలో ఆడవాళ్లను తెర వెనక ఆడ సిబ్బందే చూస్తారు, దానికి టెన్షన్ పడకు. చీర కన్నా వదులుగా ఉండే కాటన్ చుడీదార్ వేసుకో. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి. విమానంలో బాత్రూమ్ చాలా ఇరుకు, మన ఒళ్లుతో తిరగడం కష్టం, అందుకే ఎక్కే ముందు గేటు దగ్గర వెళ్లి రా. అలాగని పొద్దుట్నుంచీ నీళ్లు మానెయ్యకు. లావు, షుగరు, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం ఇవన్నీ కలిస్తే పిక్కల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, దేవరకొండ నుంచి తమ్ముడి ఇంటికి చేరేసరికి నువ్వు కూర్చునే సమయం మొత్తం కలిపి ఆరేడు గంటలవుతుంది. పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండు. పిక్కలకు వేసుకునే బిగుతు మేజోళ్లు డాక్టరు రాస్తే కొలత తీయించి కొను, బిగుతుగా ఉన్నవి ఏవో ఒకటి వేసుకుంటే మోకాలి కింద చుట్టుకుపోయి అవే చెడు చేస్తాయి.

నువ్వు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన గురక గురించి నేను ఎక్కువ ఆలోచిస్తున్నా. ఈ బరువులో గట్టిగా గురక, పగలు నిద్రమత్తు, పొద్దున లేవగానే తలనొప్పి ఉంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉండే అవకాశం బాగా ఉంది. విమానం 35 వేల అడుగుల ఎత్తులో పోతున్నా లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, అంటే దాదాపు ఊటీలో ఉన్నట్టు. మామూలు మనిషికి తెలియదు, పడుకుంటే ఊపిరి అందని మనిషికి తెలుస్తుంది. మత్తు ఇచ్చే డాక్టరుకు కూడా ఈ సంగతి ముందే తెలియాలి. కాబట్టి స్లీప్ స్టడీ, అంటే రాత్రి నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్ష, హైదరాబాద్‌లోనే చేయించు, సీప్యాప్ మెషిన్ (నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపేది) రాస్తే ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందు నుంచే వాడు. ఆ మెషిన్‌ను లగేజీలో వెయ్యొద్దు, చేతి సంచిలోనే ఉండాలి, డాక్టరు చీటీ పక్కనే పెట్టు, దాని బ్యాటరీ ఎలాంటిదో కంపెనీకి ముందు చెప్పు. షుగరు మందులు, ఇన్సులిన్ కూడా నీ దగ్గరే ఉండాలి.

షుగరు మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతుంటే సర్జన్‌కు పేరుపేరునా చెప్పు, వాటిని ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు. ఆపరేషన్ ముందు సుమారు రెండు వారాలు కాలేయం సైజు తగ్గడానికి పిండిపదార్థాలు బాగా తగ్గించిన ఆహారం ఇస్తారు, అప్పుడు పాత మోతాదులోనే షుగరు మందు వేసుకుంటే ప్రయాణంలో షుగరు పడిపోయి కళ్లు తిరగొచ్చు. బయలుదేరే రోజు ఏ మాత్ర ఎంత వేసుకోవాలో కాగితం మీద రాయించుకో.

అసలు ఢిల్లీయే ఎందుకు అని కూడా ఒకసారి అడుగుతా, కోపం తెచ్చుకోకు. హైదరాబాద్‌లో ఈ ఆపరేషన్ చేసే సర్జన్లు చాలామంది ఉన్నారు, మీ ఊరి నుంచి రెండు మూడు గంటలు. తమ్ముడి ఇల్లు ఉంది, చూసుకునే మనిషి ఉన్నాడు, ఆ డాక్టరు మీద నమ్మకం కుదిరింది అంటే వెళ్లు, ఆ కారణాలు సరైనవే, నేనూ అందుకే ముంబై వెళ్లాను. నాలుగు డబ్బులు తక్కువని మాత్రం అయితే లెక్క మళ్లీ వెయ్యి. రానూపోనూ విమానాలు, ఎక్స్‌ట్రా సీట్లు, అక్కడ ఉండే రోజులు, నెలకూ మూడు నెలలకూ ఆరు నెలలకూ చెకప్‌లు కలిపితే ఆ తేడా మిగలదు. హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే చూసుకో, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 40, లేదా 35తో పాటు అదుపులో లేని షుగరు, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) లాంటి జబ్బులు ఉండి, మిగతా పద్ధతులతో తగ్గనప్పుడు డాక్టరు సలహాతో చేసే ఈ ఆపరేషన్‌ను లావు పేరు చెప్పి పక్కన పెట్టకూడదని ఇన్సూరెన్స్ కంపెనీలను అదుపు చేసే ఐఆర్‌డీఏఐ నియమాల్లో ఉంది. నీ బీఎంఐ 57 వస్తోంది. పాలసీలో వెయిటింగ్ పీరియడ్ అయిందో లేదో చూసి, ముందస్తు అనుమతి పెట్టించు.

ఇప్పుడు తిరుగు ప్రయాణం. నా ఆపరేషన్ అయిన ఆరో రోజు మేం ముంబై నుంచి బయలుదేరాం. మా ఆయనకు లీవు అయిపోయింది, ఆసుపత్రిలో కూడా వెళ్లొచ్చన్నారు. ఆ రోజు పొద్దున నుంచి సాయంత్రం దాకా ప్రయాణపు హడావిడిలో నేను గుక్కగుక్కగా తాగాల్సిన నీళ్లు తాగలేదు. స్లీవ్ అంటే కడుపులో ముప్పాతిక భాగానికి పైగా తీసేస్తారు, అరటిపండంత గొట్టం మిగులుతుంది, దాహం వేసింది కదా అని ఒక్కసారి గ్లాసెడు తాగి సరిచేసుకునే వీలు లేదు. ఇంటికి వచ్చాక రెండు రోజులు వాంతులు, మూత్రం పసుపుపచ్చగా వచ్చింది, లేస్తే కళ్లు తిరిగాయి. దగ్గర్లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి డ్యూటీ డాక్టరుకు ఈ ఆపరేషన్ సంగతి అంతగా తెలియదు, నొప్పికి కడుపును పుండు చేసే రకం ఇంజెక్షన్ వెయ్యబోతుంటే, అది వద్దని నా డిశ్చార్జి కాగితంలో రాసి ఉంది చూడండి అని మా చిన్నాడపడుచు ఆపింది. సెలైన్ పెట్టించుకుని, ముంబై సర్జన్‌తో ఫోన్ కలిపి మాట్లాడించి గట్టెక్కాం. దూరం వెళ్లి ఆపరేషన్ చేయించుకుంటే డాక్టరు దూరమైపోతాడు, ఇది నాకు ఆ రాత్రి అర్థమైంది.

బ్రిటన్ పౌర విమానయాన సంస్థ చిన్నపాటి పొట్ట ఆపరేషన్ తరువాత నాలుగైదు రోజులు, పెద్ద పొట్ట ఆపరేషన్ల తరువాత పది రోజులు ఆగి విమానం ఎక్కమంటుంది. ఆసుపత్రి వాళ్లు నీకు చెప్పిన ఐదో రోజు ఆ మొదటి లెక్కనే వచ్చి ఉంటుంది. కానీ నీకు చేసేది అపెండిక్స్ కాదు, కడుపును కోసి స్టేపుల్ వేసే ఆపరేషన్. ఆ కుట్ల దగ్గర లీకు అయితే ఎక్కువగా మొదటి రెండు వారాల్లో బయటపడుతుంది, చాలాసార్లు ఇంటికి పంపించాక. అందుకే నా మాట: ఆపరేషన్ తరువాత కనీసం 14 రోజులు తమ్ముడి ఇంట్లో ఉండు. తమ్ముడు అక్కడ ఉండటం వల్ల నీకున్న పెద్ద లాభం అదే, దాన్ని వాడుకో. సర్జన్ దగ్గర ఇంకోసారి చూపించుకుని, విమానం ఎక్కొచ్చని కాగితం తీసుకుని అప్పుడు బయలుదేరు. తిరుగు టికెట్ ముందే కొనకు, కొంటే తేదీ మార్చుకునే రకం కొను. టికెట్ డబ్బు పోతుందని నొప్పి దాచుకుని విమానం ఎక్కిన మనిషిని నేను చూశాను.

నెల కూడా చూసుకో. డిసెంబరు, జనవరిలో ఢిల్లీ పొగమంచుకు విమానాలు గంటల తరబడి ఆగుతాయి, ఆపరేషన్ అయిన మనిషికి కుర్చీలో అంతసేపు కూర్చోవడం కష్టం. నవంబరులో అక్కడి గాలి నీ ఊపిరికి మంచిది కాదు. ఫిబ్రవరి చివర, మార్చి బాగుంటుంది. రైలు సంగతి అమ్మ అడిగిందన్నావు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో సుమారు ఒక రోజు పడుతుంది, వెళ్లేటప్పుడు కింది బెర్తు దొరికితే హాయిగానే వెళ్లొచ్చు, వచ్చేటప్పుడు మాత్రం వద్దు, నాగపూర్ దాటాక అడవిలో కడుపునొప్పి వస్తే ఎవరిని పిలుస్తాం.

ఢిల్లీ నుంచి బయలుదేరే రోజు సంచిలో ఇవి ఉండాలి. ఆపరేషన్‌లో ఏం చేశారో రాసిన కాగితం, డిశ్చార్జి సమ్మరీ, రెండూ కాగితం మీదా ఫోన్లోనూ. వాడకూడని నొప్పి మాత్రల పేర్లు. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసుకునే ఇంజెక్షన్లు ఇంటికి రాసి ఇస్తే అవి, వాటిని ఎండలో ఆగిన కారులో వదిలెయ్యకు. ఒక నీళ్ల సీసా, ఒక సిరప్ సీసా మూత. ఆ మూతతో ఒక్కో గుక్క, పది నిమిషాలకోసారి, గేటు దగ్గరా, విమానంలోనూ, కారులోనూ, తమ్ముడు గాని అమ్మ గాని ఫోన్లో అలారం పెట్టి ఇస్తూ ఉండాలి, నీకు గుర్తుండదు, దాహం కూడా వెయ్యదు. పొట్ట మీద గాయాలకు బెల్టు తగలకుండా మడిచిన టవలు మధ్యలో పెట్టుకో. సంచులు నువ్వు ఎత్తొద్దు, పైన అరలో పెట్టడానికి చేతులు కూడా లేపొద్దు. ఈసారి వీల్‌చెయిర్ వద్దు అనే మాటే రాకూడదు. శంషాబాద్‌లో దిగాక ఆ రాత్రి హైదరాబాద్‌లో చుట్టాల ఇంట్లో పడుకుని పొద్దున దేవరకొండ పోతే ఇంకా మంచిది.

ఢిల్లీకి బయలుదేరే ముందే హైదరాబాద్‌లో ఈ ఆపరేషన్లు చేసే ఒక సర్జన్ దగ్గరికి వెళ్లి ఫీజు కట్టి చూపించుకో. ఉన్నదున్నట్టు చెప్పు: సార్, నేను ఢిల్లీలో చేయించుకుంటున్నా, వచ్చాక ఏదైనా అయితే మీ దగ్గరికి రావొచ్చా అని. కొందరు ఒప్పుకోరు, ఒప్పుకునే డాక్టరు దొరికేదాకా అడుగు. ఇంటికి వచ్చాక నాడి నిమిషానికి 120 దాటినా, జ్వరం వచ్చినా, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, నీళ్లు కూడా నిలవకుండా ఒక రోజు వాంతులైనా, ఊళ్లో ఎవరికీ చూపించుకుంటూ కూర్చోకుండా కారెక్కి ఆ సర్జన్ దగ్గరికి వెళ్లిపో. వాంతులు ఎక్కువ రోజులు సాగితే బి1 విటమిన్ పడిపోయి చూపు, నడక దెబ్బతింటాయి, సెలైన్ ఎక్కించే చోట ఈ మాట గుర్తు చెయ్యి. వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు ఒకటి కొనుక్కో, నాడి, ఆక్సిజన్ రెండూ చూపిస్తుంది.

తిండి గురించి ఒక్క మాట. మొదటి రెండు వారాలు నీళ్లలాంటివే, పప్పు మీది తేట, పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు, వాళ్లు రాసిన ప్రొటీన్ పొడి. తరువాత మెత్తగా రుబ్బినవి. జొన్నరొట్టె ముక్క నేను మూడో నెలలో తిన్నాను, రెండు ముక్కలకే చాలనిపించింది, ఆ రోజు నాకు భయమూ సంతోషమూ రెండూ కలిగాయి. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ మాత్రలు జీవితాంతం, వాటిని మానేసినవాళ్లు రెండు మూడేళ్లకు నీరసించిపోవడం చూశాను. కనీసం ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి, ఈ సంగతి మీ ఆయనతో కూడా ముందే మాట్లాడు.

జనం చూస్తారేమో అన్నావు. చూస్తారు చెల్లెమ్మా. పల్లెవెలుగు బస్సులో ముగ్గురి సీట్లో మనం కూర్చుంటే ఎలా చూస్తారో ఇక్కడా కొందరు అలాగే చూస్తారు. మొదటిసారి నేను కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకున్నా. తరువాతిసారి పక్కన కూర్చున్నావిడకు నేనే ముందుగా, నేను ఆపరేషన్ చెకప్‌కు వెళ్తున్నానమ్మా, ఇబ్బందయితే చెప్పండి అన్నాను. ఆవిడ తన చెల్లెలికి కూడా చేయించాలనుకుంటున్నామని ముంబై దిగేదాకా వివరాలు అడిగింది. అందరూ అలా ఉంటారని చెప్పను. నీకు చెప్పాలనిపిస్తే చెప్పు, లేదంటే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, నీ టికెట్ నువ్వు కొనుక్కున్నావు.

తేదీ ఖాయం చేసుకునే ముందు స్లీప్ స్టడీ చేయించి, బల్ల మీద కొలత తీసి, రెండూ ఇక్కడ రాయి. మెషిన్ రాస్తే దాన్ని ఎలా సర్దాలో, ఎన్ని సీట్లు తీసుకోవాలో అప్పుడు చూసి చెప్తాను. అమ్మ మొదటిసారి విమానం ఎక్కుతోంది కాబట్టి ఎక్కడ ఏం చూపించాలి, ఎటు నడవాలి అన్నది ఆమెకు ఫోన్లో తెలుగులో నేనే చెప్తా, దానికి మొహమాటపడొద్దు.